గానుగ దగ్గర అడగకూడని మాట

వానంటే నాకు కోపం వచ్చిన ఊరు ఒకటుంది. తూర్పు ఆఫ్రికాలో, కొండల నడుమ. డెబ్బైలు దాటి ఎనభైలు మొదలైన రోజుల్లో రెండేళ్ళు అక్కడ వాలంటీరుగా పనిచేశాను. మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కునే సరికి వాన వచ్చేది. రేకుల కప్పు మీద దబదబా కురిసి, అరటితోటల్లోంచి ఎర్రటి నీళ్ళు కాలవలు కట్టి ఎవరికీ పనికిరాకుండా లోయలోకి పోతుంటే, నేను వసారాలో నిలబడి పళ్ళు నూరేవాణ్ణి. ఈ ఇండియా వాడికి ఏం రోగమో అని ఆ ఊరివాళ్ళు అనుకునే ఉంటారు.

నా రోగం వడమాలపేటలో ఉంది. తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో, ఊరికి అవతల, మా అక్కా బావా గుత్తకు చేసుకునే రెండెకరాల నేల. అందులో ఒక బావి, బావి పక్కన చెరుకు. నేను విమానమెక్కే నాటికే అక్కడ సరైన వానలు పడి రెండేళ్ళయింది. పొద్దున్నే ఇంజన్ వేస్తే కాసేపు నీళ్ళు పోసి, ఆ తర్వాత గాలి మింగి దగ్గేది. ఆ నీళ్ళతో నేలంతా తడవదు. అందుకని బావ వరి మానేసి, బావిని ఆనుకున్న కాస్త చెరుకును మాత్రం ఎలాగో బతికించుకొస్తున్నాడు. ఆ చెరుకు గానుగ దాకా నిలిస్తే వాళ్ళు ఆ ఊళ్ళో ఉంటారు. నిలవకపోతే గుత్త వదులుకుని, మూట కట్టుకుని ఎక్కడికో పోవాలి. ఇంతే సంగతి. నేను ఎక్కడ తిరుగుతున్నా నా మనసు ఆ చెరుకు మొదట్లోనే ఉండేది.

అమ్మా నాయనా నాకు ఊహ తెలియకముందే పోయారు. అక్క పెళ్ళి చేసుకుని వడమాలపేటకు వస్తూ నన్ను కూడా చంకనేసుకుని వచ్చింది. "పెండ్లికూతురి పక్కనుంచి సామానేం రాలేదబ్బా, వీడొక్కడే వచ్చినాడు, అదీ ఏడ్సుకుంటా" అని బావ ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో పిల్లవాడి స్థానం నాదే. నన్ను తిరుపతిలో వ్యవసాయం డిప్లొమా చదివించారు. చదివి బయటికొచ్చేసరికి వ్యవసాయం ఎండిపోయింది.

అలా ఇంట్లో కూర్చుని ఉన్నప్పుడు పేపర్లో వాలంటీర్ల ప్రకటన చూసి మద్రాసు వెళ్ళాను. అక్కడ పెద్ద పెద్ద చదువుల వాళ్ళు వరసగా కూర్చున్నారు. నీకేం వచ్చు అని అడిగితే, బెల్లం వండడం వచ్చు అన్నాను. పక్కనున్న వాళ్ళు నవ్వారు. అడిగిన ఆయన మాత్రం నవ్వలేదు. ఆఫ్రికాలో ఒక కొండ ఊళ్ళో చెరుకు కావలసినంత పండుతుందనీ, దాన్ని నమిలి ఊసేయడం తప్ప మరో దారి లేదనీ, అక్కడి ఆడవాళ్ళు ఒక సంఘం పెట్టుకుని బెల్లం నేర్పే మనిషి కోసం చూస్తున్నారనీ చెప్పాడు. నెల తిరక్కుండా కాగితాలు వచ్చాయి.

వాలంటీరు అంటే ఏమిటో ఇంట్లో చెప్పడానికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. జీతం ఉండదు, ఉండడానికి గది, తిండి, పోనూ రానూ టికెట్టు. అంతే. బావ అంతా విని బీడీ ఆర్పాడు.

"జీతం ల్యాకుండా చాకిరీ చేసేదానికి విమానమెక్కి పోవల్నా? ఆ పని నేను ఈడ్నే చేస్తా ఉండా గదప్పా."

అక్క ఒక్కటే అడిగింది. "మూడుపూట్లా కూడు పెడతారంటనా?"

"పెడతారంట."

"అయితే పో. ఈడుండి ఏం జేస్తావు, మబ్బుల్ని మేపుతావా?"

ఆమె మాట తీరే అంత. దాంట్లో ప్రేమ ఎక్కడుందో వెతుక్కోవాలి. మేము ఆ ఏడాది పగలు రాగిసంగటి, రాత్రికి పొద్దుటి సంగటినే మజ్జిగలో పిసుక్కుని తింటున్నాం. మజ్జిగ కూడా మజ్జిగ అని పిలవడమే గాని చాలావరకు నీళ్ళే. ఒక నోరు తగ్గుతుందని ఆమె అనలేదు. నా నోటికి అన్నం దొరుకుతుందని లెక్క వేసింది. ఊళ్ళో వాళ్ళ లెక్క మాత్రం వేరు. ఆ రోజుల్లో మా జిల్లా నుంచి, పక్క కడప జిల్లా నుంచి మనుషులు కువైట్ పోయి టేప్‌రికార్డర్లు, చేతి గడియారాలు తెస్తున్నారు. నేనూ అలాంటివాణ్ణే అనుకుని, పోయేముందు ఎన్నడూ పలకరించని వాళ్ళు కూడా వచ్చి పలకరించారు.

చెరుకు గానుగ చూడని వాళ్ళకోసం కాస్త చెప్పాలి. ఎద్దులు గుండ్రంగా తిరుగుతుంటే మధ్యలో ఇనుప రోలర్ల నడుమ చెరుకు నలిగి, రసం కింద పెట్టిన కడవలోకి కారుతుంది. పిండేసిన పిప్పిని ఎండబెడితే అదే పొయ్యిలోకి వంటకట్టె. నేల తవ్వి కట్టిన పొయ్యి మీద వెడల్పాటి ఇనుప పెనం. రసం కాగుతుంటే సున్నపు నీళ్ళు చల్లి, పైకి తేలిన మురికి తీసేస్తూ, పాకం ఎప్పుడు దించాలో కనిపెట్టుకుని ఉండాలి. అసలు పని ఆ కనిపెట్టడమే. ముందు దించితే ముద్ద కట్టదు, ఆలస్యమైతే నల్లబడుతుంది. మా బావ పాకం చుక్కను చల్లటి నీళ్ళలో వేసి వేళ్ళతో నలిపి చూసేవాడు. ఎప్పుడూ వాగే మనిషి ఆ కాసేపు మాత్రం మాట్లాడేవాడు కాదు. తర్వాత చెయ్యి పైకెత్తేవాడు. చెయ్యి లేస్తే అందరం పెనం పట్టుకోవాలి.

గానుగ మొదలైన రోజు దించే మొదటి పెనాన్ని మా ఇంట్లో తొలిపెనం అనేవాళ్ళం. దాన్ని అమ్మరు. గానుగ దగ్గరికి ఎవరొస్తే వాళ్ళదే. పొలం పనివాళ్ళు, రోడ్డున పోయే బండివాళ్ళు, గొర్రెలు తోలుకునే వాళ్ళు, ఆ వాసన పట్టుకుని వచ్చే పక్క ఊరివాళ్ళు. కొందరు గెనుసుగడ్డలు, అంటే చిలగడదుంపలు, దారానికి కట్టి తెచ్చి కాగే రసంలో వేలాడదీసుకునేవాళ్ళు. అవి ఉడికి, తీపెక్కి, తొక్కతో సహా మెత్తబడి పైకొచ్చేవి. తాటాకు పందిరి కింద ఆవిరీ, పొగా, ఆ వాసనా. ఆ వాసన గురించి ఇక రాయను, రాస్తే ఈ పూట అన్నం తినలేను.

పంచిపెట్టేది అక్క. ఆమెకు ఒక కట్టుబాటు ఉండేది. గానుగ దగ్గరికి వచ్చి నిలబడ్డ మనిషిని ఏమొచ్చినావు అని అడగకూడదు. ఎవరు, ఏ ఊరు, ఎందుకు నిలబడ్డావు అని ఏదీ అడగకూడదు. చెరుకాకు మడిచి అందులో వేడి బెల్లం పెట్టి చేతికివ్వాలి, అంతే. నేను కాలేజీలో చేరిన కొత్తలో ఒకసారి, పందిరి గుంజ పక్కన నిలబడ్డ ఒకామెను "ఎవరు కావాలమ్మా" అని మర్యాదగానే అడిగాను. ఆమె ఏమీ లేదని చెప్పి వెళ్ళిపోయింది. అక్క వెనకాలే పరుగెత్తి ఆమె కొంగులో బెల్లం వేసి వచ్చి, నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

"ఆకలని వాళ్ళ నోటితో సెప్పించల్నా? సూస్తే తెలీదా నీకు?"

అప్పట్నుంచి నేను కూడా ఎవరినీ అడగలేదు. అది మంచి మర్యాద అనే నమ్మాను, ఆ కొండ ఊరికి పోయేదాకా.

ఆ ఊళ్ళో నాకు మొదట ఎద్దులతో తంటా వచ్చింది. అవి ఎప్పుడూ గానుగ లాగినవి కావు. నాగలికి కట్టినట్టు నేరుగా పోతామంటాయి గాని గుండ్రంగా తిరగవు. వాటికి నేర్పడానికి నేనే ముందు నడిచాను. ఊరంతా గట్టు మీద కూర్చుని చూసింది. ఇండియా నుంచి ఒక మనిషిని విమానంలో తెప్పించుకుంటే, వాడు ఎద్దులకు ముందు తిరుగుతున్నాడని వాళ్ళకు ఒకటే నవ్వు. వారం పదిరోజులకు ఎద్దులు దారికొచ్చాయి గాని, రాత్రి పడుకుంటే నాకు మాత్రం కప్పు గుండ్రంగా తిరిగేది.

రెండో తంటా పిప్పితో. రోజూ వాన పడే చోట పిప్పి ఎండదు. ఎండని పిప్పి మండదు, పొగ తప్ప. మా ఊళ్ళో నీళ్ళు లేక చెరుకు చస్తోంది, ఇక్కడ నీళ్ళు ఎక్కువై పొయ్యి చస్తోంది. ఆ రెంటినీ కలిపి సగం సగం పంచే దేవుడెవడూ లేడా అని నాకు నిజంగా ఒళ్ళు మండేది. ఒక సాయంత్రం వానలో తడుస్తూ పిప్పి మోపులు బడి వసారాలోకి మోస్తుంటే, ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. వానలో ఎవరికీ కనపడలేదు. ఈ నీళ్ళలో ఒక్క కాలవ, ఒక్క పూట, ఆ బావిలోకి పోతే చాలు అనిపించింది. పళ్ళెం నిండా అన్నం తింటున్న ప్రతిసారీ అక్క సంగటి ముద్ద గుర్తొచ్చేది. అక్కడ అన్నమంటే మొక్కజొన్న పిండి ముద్దే. మా సంగటికి తెల్లచొక్కా తొడిగినట్టు ఉంటుంది. అదీ నాకు కష్టంగానే ఉండేది. పూర్తిగా వేరే తిండి అయినా బాగుండేదేమో.

సంఘానికి పెద్ద ఒక నడివయసు ఆవిడ. ఏడుగురు పిల్లల తల్లి, గట్టి మనిషి. తెల్లవారకముందే చెరుకు నరికించి, మోయించి, అందరికంటే చివర ఇంటికి పోయేది. నాకు వాళ్ళ భాష నేర్పింది కూడా ఆమే, ఎక్కువగా తిట్లతో. ఆ సంఘంలో ఏ ఇంటికీ ఆ ఏడాది బాగా జరుగుబాటు లేదు. కాఫీ తోటల్లో పని పడిపోయిందని మగవాళ్ళు పట్నం పోయారు. అందుకే ఆ బెల్లం మీద వాళ్ళకంత ఆశ.

తొలిపెనం దించిన రోజు నేను మా ఇంటి పద్ధతే చెప్పాను. మొదటిది అమ్మకూడదు, వచ్చిన వాళ్ళకు పెట్టాలి అన్నాను. వాళ్ళు గుసగుసలాడుకుని, సరే, గురువు మాట కదా అని ఒప్పుకున్నారు. పాకం చూశాను, చెయ్యి ఎత్తాను, దించారు. రంగు బాగా వచ్చింది. రోడ్డు మీద లారీ కోసం నిలబడ్డ జనం వాసనకు ఇటు వచ్చారు. నేను ఉత్సాహంగా అరిటాకు ముక్కల్లో వేడి బెల్లం పెట్టి, అక్క ఎలా ఇచ్చేదో అలాగే, ఒక్క మాట మాట్లాడకుండా, వాళ్ళ ముఖం కూడా సరిగా చూడకుండా చేతుల్లో పెడుతూ పోయాను.

కాసేపటికి చూస్తే ఎవరూ తినడం లేదు. ఆకులు పట్టుకుని నిలబడ్డారు. ఒక ముసలాయన తన ఆకును తిరిగి గట్టు మీద పెట్టేసి వెళ్ళి రోడ్డున నిలబడ్డాడు. పెద్దావిడ వచ్చి నా చేతిలోంచి గరిటె లాక్కుంది.

"కుక్కలకేసినట్టు ఏమిటది? ఆయన ఎవరో అడిగావా? ఇంట్లో ఎలా ఉన్నారో అడిగావా?"

నాకు కోపం వచ్చింది. మా దగ్గర అడగడమే తప్పు అన్నాను. అడిగితే వాళ్ళు ఆకలని చెప్పుకోవాల్సి వస్తుంది, అది వాళ్ళకు చిన్నతనం, అందుకే అడగం అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"మా దగ్గర అడక్కపోతేనే చిన్నతనం. అడిగితేనే కదా వాళ్ళు మనుషులని నువ్వు ఒప్పుకున్నట్టు" అంది.

ఆ తర్వాత ఆమే ఒక్కొక్కరి దగ్గరికీ పోయింది. ఏ ఊరు, ఎవరి బిడ్డవు, తల్లి బాగుందా, ఆవు ఈనిందా, మొక్కజొన్న ఎలా ఉంది. ఒక్కొక్కరితో అంత సేపు. బెల్లం చల్లారిపోయింది. రోడ్డున నిలబడ్డ ముసలాయనను కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన తన కొడుకు పట్నంలో పని దొరక్క తిరుగుతున్నాడని చాలాసేపు చెప్పి, అప్పుడు తిన్నాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుని మూతి ముడుచుకున్నాను. మా అక్కను ఎవరో తప్పు పట్టినట్టు ఉంది నాకు.

ఆ కోపంలోనే అక్కకు పెద్ద ఉత్తరం రాశాను. జరిగిందంతా రాసి, చూడు, వీళ్ళకు మర్యాద తెలియదు అని కూడా రాశాను. అక్కకు చదువు రాదు, పక్కింటి పిల్ల చదివి పెట్టేది, జవాబు రాసేది. ఆ జవాబులన్నీ ఒకే రకం. వానల్లేవు, చెరుకు ఉండాది, నువ్వు బాగా తిను. ఈసారి ఎంతకూ జవాబు రాలేదు. నెలలు గడిచాయి. రెండో ఏడాది సగం దాటాక, ఉత్తరం బదులు చిన్న పార్సెల్ వచ్చింది. అందులో ఒక క్యాసెట్టు.

ఆ ఊళ్ళో టేప్‌రికార్డర్ బడి పంతులు దగ్గర ఒక్కటే ఉంది. బడి అయిపోయాక వసారాలో కూర్చుని పెట్టుకున్నాను. మొదట గరగర. తర్వాత, ఎవరూ మాట్లాడకముందే, బస్సు హారన్. ఇంకో హారన్. "కొండకు, కొండకు, కొండకు" అని కండక్టర్ కేక. వడమాలపేట ఇంట్లో అయితే కాకులో, మేకలో, ఇంజనో వినపడాలి. అది తిరుపతి బస్టాండు దగ్గర ఎక్కడో అని నాకు తెలిసిపోయింది. అక్క ఇంకా నోరు తెరవలేదు, నాకు సంగతి తెలిసిపోయింది.

"ఒరే, ఇనపడతా ఉండాదా? ఇదేందో గోడతో మాట్లాడినట్టుండాది."

"గోడే మేలు, అడ్డం మాట్లాడదు" అన్నాడు వెనకనుంచి బావ.

"నువ్వు గమ్మనుండు. ఒరే, మేం తిరప్తిలో ఉండాం. ఇది పక్కింటోళ్ళ టేపు, కువైటు నుంచి తెచ్చినారు. చెరుకు నిలబళ్యా. చిత్త కార్తెకన్నా వానొస్తాదని సూసినాం, రాలా. ఆకు కొసల్నుంచి ఎండుకుంటా వచ్చింది. ఎండినాక గానుగకేం పనికొస్తాది? కోసి ఎద్దులకేసినాం. ఆపైన ఎద్దుల్నీ సంతకు తోలేసినాం. గుత్త ఇడిసిపెట్టినాం. నువ్వు ఏడ్సొద్దు, ఆడ నిన్ను ఓదార్చేదానికి ఎవురూ లేరు. మీ బావ హోటల్లో వంట కాడ ఉండాడు. నేను సత్రంలో రూములు ఊడుస్తా ఉండా. వాన రాకపోయినా కొండకు జనం వస్తానే ఉంటారు, పనికేం తక్కువ లేదు."

"ఆడా పొయ్యి కాడ్నే, ఈడా పొయ్యి కాడ్నే" అన్నాడు బావ. "సాంబారుకు పాకం సూసే పన్లేదు, నిమ్మళంగా ఉండాది."

తర్వాత చాలాసేపు హారన్లు మాత్రం వినపడ్డాయి. క్యాసెట్టు అయిపోయిందేమో అనుకున్నాను. అప్పుడు అక్క గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి నెమ్మదిగా.

"నీ జాబులో ఆయమ్మ సంగతి రాస్తివే. దానికి జవాబు చెప్దామనే ఇది. మొన్న చిత్తూరు పక్క మీ బావోళ్ళ సిన్నాయన ఇంటికి పోతా ఉంటిమి. బస్సులోకి వాసనొచ్చింది. గానుగ. నేను బస్సాపించి దిగేసినా. మీ బావ తిట్టినాడు, రాలా, రోడ్డు మీద్నే నిలబడినాడు. నేను పోయి పందిరి గుంజ పక్కన నిలబడినా. ఎవురూ ఏమొచ్చినావని అడగలా. ఆకులో పెట్టి ఇచ్చినారు. మనం ఇచ్చేది ఎట్లనో అట్లనే, నా మొకం కూడా సూడలా. తిన్యా. పాకం రొంత ముదిరింది, మీ బావైతే ముందే దించుండు. తింటా ఉంటే నాకు అనిపించింది. ఎవురన్నా ఒకరు, ఎవురమ్మా నువ్వు, యా ఊరు అని అడిగింటే బాగుండు గదా అని. వడమాలపేట, మాకూ గానుగుండె అని సెప్పుకుందును. ఎవురూ అడగలా. ఆయమ్మ సెప్పింది నిజమే రా. అంతే. నువ్వు బాగా తిను."

క్యాసెట్టు టక్కుమని ఆగింది. బయట వాన కురుస్తోంది. పెద్దావిడ ఏదో పనిమీద అటు వచ్చి, నా ముఖం చూసి, పక్కన కూర్చుని, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగింది. వాళ్ళ ఊళ్ళో ఎదురుపడిన ప్రతి మనిషినీ అడిగే మాట అది. అన్నాళ్ళూ బాగున్నారని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం చెప్పాను. బావి, చెరుకు, ఎద్దులు, బావ చెయ్యి ఎత్తడం, అన్నీ. నాకు వాళ్ళ భాష అంత వచ్చని అప్పటిదాకా నాకే తెలియదు. ఇంటికి పోవాలని ఉంది అన్నాను చివరికి. అన్నాక గుర్తొచ్చింది, పోవడానికి ఆ ఇల్లు లేదని.

మిగిలిన నెలలు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బెల్లం బాగా వచ్చింది. వాళ్ళు నాకంటే బాగా వండడం నేర్చుకున్నారు. గడువు తీరి, అక్టోబరు దాటాక వచ్చే, మా వైపు ఐప్పసి వానలనే రోజుల్లో మద్రాసులో దిగి తిరుపతి బస్సెక్కాను. టికెట్టు తిరుపతికే తీసుకున్నాను. పుత్తూరు దాటింది. కొండలు కనపడ్డాయి. బస్సు వడమాలపేటలో ఆగగానే పెట్టె పట్టుకుని దిగిపోయాను. బస్సు వెళ్ళిపోయాక గాని తెలిసిరాలేదు, మా వాళ్ళు ఇక్కడ లేరని. తెలిశాక కూడా కాళ్ళు పొలం దారినే పట్టాయి.

చెరుకు ఉన్నచోట మామిడి మొక్కలు పెట్టారు. వరసగా గుంతలు, గుంతకొక మొక్క, మొక్కకొక కర్ర. మామిడికి నీళ్ళు తక్కువ చాలని ఆ రోజుల్లో మా వైపు అందరూ అదే పెడుతున్నారు. గానుగ ఉన్నచోట రాళ్ళు మిగిలాయి. బావిలోకి తొంగి చూశాను. నీళ్ళు ఉన్నాయి. సగం పైదాకా. వంగితే నా తల కనపడింది. అంతకుముందు రెండు వారాలుగా అక్కడ వానలు పడుతున్నాయట. గట్టు మీద పని చేసుకుంటున్న ఒకతను చెప్పాడు. కొత్తవాడు, నన్నెరగడు.

"ఎవురప్పా నువ్వు? యా ఊరు?" అని అడిగాడు.

"ఈ ఊరే. ఈడ మా అక్కోళ్ళ గానుగ ఉండె" అన్నాను. అనేసి, ఆ మనిషికి పని చెడగొట్టి, గానుగ ఎక్కడుండేదో, పెనం ఎక్కడ దించేవాళ్ళో, జనం ఎక్కడ నిలబడేవాళ్ళో చేత్తో చూపించి మరీ చెప్పాను. అతను ఊ కొడుతూ విన్నాడు. అక్క తరఫున చెప్పుకున్నానేమో అనిపిస్తుంది ఇప్పుడు తలుచుకుంటే.

తిరుపతి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. సత్రం వెనక వరసలో ఒకే గది వాళ్ళది. అక్క నన్ను పైనించి కిందిదాకా చూసి, చిక్కిపోయినావు, ఆ దేశంలో కూడు పెట్టేది అబద్ధమేనా అంది. నేను వస్తున్నానని బావ ఆ పూట పనికి పోకుండా ఉన్నాడు. ఇంత పొద్దుపోయిందేమని అడిగాడు. బావిలో నీళ్ళ సంగతి వాళ్ళకు చెప్పకూడదని దారిలోనే గట్టిగా అనుకున్నాను. నిరుడే రావలసిన నీళ్ళు ఇప్పుడొచ్చాయని ఏ నోటితో చెప్పను. బస్సు ఆలస్యమైంది అన్నాను.

అక్క గడప దగ్గర విడిచిన నా చెప్పుల వైపు చూస్తోంది. ఎర్రటి బురద, మడమల దాకా పట్టి ఉంది.

"పోయిన వారం మీ బావ చెప్పులూ ఇట్లనే ఉండె" అంది. "పుత్తూరులో పనుండి పోయొచ్చినా, బస్సులోనే వచ్చినా అన్నాడు. బస్సులో బురద యాడుంటాది?"

బావ తల దించుకుని గోరు గిల్లుకుంటున్నాడు.

"నిండిందా?" అని అడిగింది నన్ను.

"సగానికి పైనే ఉండాది."

అక్క నా చెప్పులు తీసుకుని బయట కుళాయి దగ్గరికి పోయి కూర్చుంది. కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది. చాలాసేపటి వరకు లోపలికి రాలేదు. బావ నా పక్కకు జరిగి, ఆమెకు వినపడకుండా అన్నాడు.

"చెప్పులు చేత్తో పట్టుకుని నడవల్సిందిరా. నాకూ తట్టలా."